శస్త్రచికిత్స గాయము – ఇంటివద్ద కాపుదల

ఇంటిలో ఎవరికైనను ఆపరేషను జరిగి, రోగి క్షేమముగ ఇల్లు చేరగానే గండము గడిచినదని అందరును తలంతురు. నారు నాటిన దినముననే పంట చేతికి వచ్చినట్లు కాదని మీకు తెలియును. ఆపరేషను సంగతియు అంతే. కుట్లు వేయుట ఆసుపత్రిలో జరుగును. గాయము మానుట చాలవరకు ఇంటివద్దనే జరుగును. గాయమునకు చీము పట్టుట కూడ పెక్కుమందిలో ఇంటికి వచ్చిన తరువాతనే బయటపడును.

ఆపరేషను జరిగిన 30 రోజుల లోపల ఆ చోట చీము పట్టినచో దానిని ఆపరేషనుకు సంబంధించిన చీముగానే వైద్యులు లెక్కింతురు. ఎముకలో కడ్డీ, పలక, కృత్రిమమైన కీలు వంటివి అమర్చినపుడు ఈ గడువును 90 రోజులుగా తీసికొందురు. మన దేశము వంటి మధ్యతరగతి ఆదాయ దేశములలోను, పేద దేశములలోను ఆపరేషను చేయించుకొన్న ప్రతి 100 మందిలో సుమారు 11 మందికి ఈ బాధ కలుగుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తెలిపినది.

వ్యవసాయపు పుటలలో ఈ సంగతి ఏలనని మీకు సందేహము కలుగవచ్చును. రెండు కారణములు కలవు. మొదటిది, రైతు కుటుంబములో గాయమునకు పశువుల కొట్టము, పెంట, బురద, కాలువ నీరు ఎప్పుడును చేరువలోనే యుండును. రెండవది, నేడు ఆసుపత్రులను కలవరపెట్టుచున్న మందులకు లొంగని సూక్ష్మజీవుల సమస్య మీకు క్రొత్తది కాదు. దానిని మీరు మీ ప్రత్తి చేలలో చూచియే యున్నారు.

ప్రత్తి చేను నేర్పిన పాఠము

1980 ప్రాంతమున సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చినపుడు ప్రత్తి రైతులు వానిని ఎంతో ఇష్టముతో వాడిరి. ఒక్క చల్లుటతో చేను శుభ్రపడెడిది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో అవే మందులు ఎన్ని పర్యాయములు చల్లినను శనగపచ్చ పురుగు చావలేదు. రైతులు అప్పులపాలైరి. 2002లో అనుమతి పొందిన బిటి ప్రత్తి విషయములోను కొన్ని సంవత్సరములకు గులాబీ రంగు పురుగు ఇదే విధముగ తిరుగబడినది.

దీనికి కారణమేమి? మందు పురుగును బలపరచలేదు. చేనిలోని లక్షల పురుగులలో పుట్టుకతోనే ఆ మందును తట్టుకొనగలవి ఏ కొద్దియో ఉండును. మందు చల్లినపుడు తక్కినవి చచ్చును, ఆ కొద్ది మిగులును. మరల అదే మందు చల్లినచో ఆ మిగిలిన వాని సంతతియే చేనంతయు నిండును. అనగా మందును తట్టుకొను పురుగును మనమే ఏరి, విత్తనము కట్టి, పెంచిన వారమగుచున్నాము.

గాయములో జరుగునదియు ఇదియే. సూక్ష్మజీవులను చంపుటకు వాడు మందులను యాంటిబయాటిక్ మందులందురు. ఈ మందును అవసరము లేకుండ వాడినను, చాలీచాలని మోతాదులో వాడినను బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చి, తట్టుకొనునవి మిగులును. అయితే పురుగునకు, సూక్ష్మజీవికి రెండు భేదములు కలవు.

మొదటి భేదము వేగము. ప్రత్తి పురుగునకు ఒక తరము గడచుటకు సుమారు నెల దినములు పట్టును. వెచ్చదనము, తేమ, ఆహారము తగినట్లు దొరికినచో ఇ.కోలి అను సూక్ష్మజీవి 20 నిమిషముల కొకసారి ఒకటి రెండగును. ఈ లెక్కన ఒక్క సూక్ష్మజీవి 7 గంటలలో 20 లక్షలను దాటును.

రెండవ భేదము మరింత ప్రమాదకరమైనది. పురుగు తన తట్టుకొను గుణమును తన సంతతికి మాత్రమే ఇయ్యగలదు. సూక్ష్మజీవి ఆ గుణమును ప్రక్కనున్న వేరొక జాతి సూక్ష్మజీవికి కూడ అందింపగలదు. వయ్యారిభామ మొక్క తన మొండితనమును ప్రక్కనున్న తుంగకు ఇచ్చినచో ఎట్లుండునో ఊహింపుడు.

మందు వచ్చిన వెనుకనే ఎదురుదెబ్బ

లండను నగరములో 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనెను. దానికి 1945లో నోబెల్ బహుమానము స్వీకరించుచు చేసిన ప్రసంగములోనే, మందును తక్కువ మోతాదులో వాడినచో సూక్ష్మజీవులు దానికి అలవాటుపడునని ఆయన హెచ్చరించెను. పెన్సిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ అను చీము సూక్ష్మజీవి కొరకు 1959లో మెథిసిలిన్ అను క్రొత్త మందును తెచ్చిరి. 1961 నాటికే ఇంగ్లండులో దానికిని లొంగని స్టెఫైలోకాకస్ కనబడినది. నేడు ఆపరేషను గాయములలో కనబడు మొండి సూక్ష్మజీవులలో ఇదియొకటి. ఇ.కోలి, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ అనునవి తక్కిన వానిలో ముఖ్యమైనవి.

మందులకు లొంగని సూక్ష్మజీవుల కారణముగనే 2019లో ప్రపంచమంతట సుమారు 12 లక్షల 70 వేల మంది చనిపోయిరని శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. 24 గంటల కడుపునొప్పి ఆపరేషను, కాన్పు ఆపరేషను మనకిపుడు సాధారణములైనవి. వీనికి ధైర్యముగ పోగలుగుటకు కారణము, చీము పట్టినచో తగ్గించు మందులు చేతిలో నుండుటయే. ఆ మందులు పనిచేయని నాడు చిన్న ఆపరేషను కూడ ప్రాణము మీదికి వచ్చును.

సూక్ష్మజీవి గాయములోనికి ఎట్లు చేరును?

స్టెఫైలోకాకస్ ఎక్కడనో దూరమున లేదు. ఆరోగ్యముగనున్న ప్రతి 10 మందిలో సుమారు ముగ్గురి ముక్కులో అది నివసించుచునే యుండును. ముక్కు తుడుచుకొన్న చేతితో గాయమును తాకినచో చాలును. ఇ.కోలి మనుష్యుల ప్రేగులలోను, పశువుల పేడలోను ఉండును. పశువుల పేడలోను, మట్టిలోను ధనుర్వాతము కలిగించు సూక్ష్మజీవి కూడ ఉండవచ్చును. కనుక గాయమునకు మొదటి శత్రువు కడుగని చేయి. మొదటి మందు సబ్బు.

కట్టు మార్చువారు ముందును, తరువాతను సబ్బుతో చేతులు బాగుగ రుద్ది కడుగుకొనవలెను. ఆసుపత్రిలో చెప్పిన గడువునకు ముందు కట్టు విప్పరాదు. కట్టు తడిసినను, మురికియైనను వెంటనే మార్పించవలెను. స్నానము ఎప్పుడు చేయవచ్చునో డాక్టరుగారిని అడిగి తెలిసికొనవలెను. గాయము పూర్తిగ మానువరకు చెరువులోను, కాలువలోను, బావిలోను దిగరాదు. పాలు పితుకుట, పేడ ఎత్తుట, మడిలో దిగుట ఆ కొన్నాళ్లు ఇంటిలోని ఇతరులు చూచుకొనవలెను. నాట్ల వేళ మనుషులు దొరకరనుట నిజమే. అయినను కుట్లు ఊడి మరల ఆసుపత్రి పాలైనచో పోవునది నాట్లు మాత్రమే కాదు, ఆ పంటకాలమంతయు పోవును.

ఇంటివద్ద సాధారణముగ జరుగు పొరపాట్లు

1. గాయము మీద పొడులు చల్లుట. పసుపు, కాఫీ పొడి, సున్నము, బూడిద, ఆకు పసరు గాయమునకు పెట్టు అలవాటు చాల ఊళ్లలో కలదు. పసుపు వంటకు మంచిదే. కాని కల్లములో ఎండి, మిల్లులో ఆడి, డబ్బాలో నిలువయున్న పొడిలో సూక్ష్మజీవులు ఉండకపోవు. కుట్లు వేసిన గాయముపై డాక్టరుగారు చెప్పనిది ఏదియు పెట్టరాదు. పశువుల గాయములకు వాడు పొడులు, పూతలు అసలే పనికిరావు.

2. మందును మధ్యలో మానుట, దాచుట, పంచుట. నొప్పి తగ్గినదని మూడవనాడే మాత్రలు మానివేసి, మిగిలిన వానిని గూటిలో దాచి, మరల ఎవరికో జ్వరము వచ్చినపుడు ఇచ్చుట మనలో పరిపాటి. ఇది సగము మోతాదు మందును చేనంతయు చల్లుట వంటిది. డాక్టరుగారు ఎన్ని దినములు వాడుమన్నారో అన్ని దినములు, చెప్పిన వేళలకు వాడవలెను. మధ్యలో మానరాదు, సొంతముగ పొడిగింపనురాదు. ఒంటికి దద్దురులు, ఆయాసము వంటివి కలిగినచో వెంటనే డాక్టరుగారికి చూపవలెను.

3. పెద్ద మందు కావలెనని పట్టుపట్టుట. ఆపరేషను గాయము చీము పట్టకుండుటకు కోతకు ముందు రెండు గంటల లోపల తగిన మందును ఇచ్చుట మేలనియు, ఆపరేషను ముగిసిన తరువాత కేవలము నివారణ కొరకు దానిని కొనసాగింపరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సలహా ఇచ్చినది. కనుక ఇంటికి పంపునపుడు యాంటిబయాటిక్ వ్రాయలేదని డాక్టరుగారిని తప్పుపట్టరాదు. పురుగు లేని చేనుకు మందు కొట్టని రైతు తెలివిగలవాడే గదా! అట్లే జ్వరము రాగానే ఊరిలో సూది మందు వేయించుకొనుటయు, మందుల దుకాణములో అడిగి మాత్రలు తెచ్చుకొనుటయు మానవలెను. మాత్రల అట్టపై నిలువుగ ఎర్రని గీత యున్నచో అది డాక్టరు చీటీ లేనిదే వాడరాని మందని గుర్తు.

4. అతిపథ్యము. పప్పు తినిన చీము పట్టుననియు, గ్రుడ్డు, పాలు, వంకాయ వేడి చేయుననియు భయపడి, రోగికి నెలల తరబడి కారప్పొడి, చారన్నము మాత్రమే పెట్టు ఇళ్లు నేటికిని కలవు. చీము సూక్ష్మజీవుల వలన పట్టును గాని పప్పు వలన కాదు. గాయము పూడుటకు శరీరము క్రొత్త కండను నిర్మించుకొనవలెను. దానికి మాంసకృత్తులు కావలెను. ఎరువు వేయక పైరు ఎదుగునా? డాక్టరుగారు ప్రత్యేకముగ వలదన్నవి తప్ప పప్పు, పాలు, పెరుగు, గ్రుడ్డు, చేప, మాంసము, ఆకుకూరలు, పండ్లు పెట్టవలెను.

5. షుగరు, పొగాకులను లెక్కచేయకుండుట. షుగరు వ్యాధి అదుపులో లేనివారికి గాయము ఆలస్యముగ మానును, చీము త్వరగ పట్టును. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగుట వలన గాయమునకు రక్తప్రసారము తగ్గును. ఆపరేషనుకు నెల ముందునుండి, గాయము మానువరకైనను పొగ మానవలెను. అప్పటికి అలవాటు తప్పినచో మరల అంటుకొనకుండుట మరియు మంచిది.

చీము పట్టినదని తెలిసికొనుట ఎట్లు?

మొదటి రెండుమూడు దినములు కుట్ల వెంట కొద్దిపాటి ఎరుపు, వాపు, నొప్పి ఉండుట సహజము. ఇవి రోజురోజుకు తగ్గవలెను. తగ్గుటకు మారుగ పెరుగుచున్నచో అనుమానింపవలెను. దినమున కొకసారి, పగటి వెలుతురులో, తాకకుండ గాయమును చూడుడు. కట్టు ఉన్నచో దాని చుట్టునున్న చర్మమును చూడుడు. క్రింది గుర్తులలో ఏ ఒక్కటి కనబడినను ఆపరేషను చేసిన ఆసుపత్రికి పోవలెను.

గాయము చుట్టు ఎరుపు ప్రాకుట, చర్మము వేడెక్కి గట్టిపడుట, తగ్గిన నొప్పి తిరిగి హెచ్చుట, చీము గాని, దుర్వాసనగల నీరు గాని కారుట, కుట్లు విడిపోవుట, జ్వరము, చలి వచ్చుట. కాన్పు ఆపరేషను జరిగిన తల్లికి పొత్తికడుపులో నొప్పి, దుర్వాసనగల మైల కనబడినను ఆలస్యము చేయరాదు.

రోగికి ఊపిరి వేగమగుట, మాట తడబడుట, మత్తుగ పడియుండుట, మూత్రము బాగుగ తగ్గిపోవుట, కాలుచేతులు చల్లబడుట కనబడినచో విషము రక్తమున కెక్కినదని భావింపవలెను. అపుడు గంటలు కూడ విలువైనవే. తెల్లవారనిమ్మని వేచియుండక 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను.

ఆసుపత్రికి పోవునపుడు డిశ్చార్జి కాగితమును, అంతవరకు వాడిన మందుల అట్టలను తప్పక తీసికొనిపోవలెను. ఏ మందు ఎన్ని దినములు వాడిరో, మధ్యలో మానిరో, వేరొకచోట సూది మందు వేయించుకొనిరో దాచక చెప్పవలెను. డిశ్చార్జి కాగితమును పట్టాదారు పాసుపుస్తకము వలె భద్రపరచుకొనుడు.

చీము పరీక్ష – భూసార పరీక్ష వంటిది

భూమిలో ఏ పోషకము లోపించినదో తెలియక ఎరువులు వేయుట డబ్బు దండుగ. అందుకే భూసార పరీక్ష చేయించుడని మేము తరచు చెప్పుచుందుము. చీముకును అట్టి పరీక్ష కలదు. గాయము నుండి కొంత చీమును తీసి, ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచి, అది ఏ జాతియో, ఏ మందుకు లొంగునో, ఏ మందుకు లొంగదో చూతురు. ఫలితము తెలియుటకు సాధారణముగ రెండుమూడు దినములు పట్టును.

ఈ నమూనాను క్రొత్త మందు మొదలుపెట్టుటకు ముందే తీయుట మంచిది. మందు పడిన తరువాత తీసినచో సూక్ష్మజీవి సరిగ పెరుగక ఫలితము తప్పవచ్చును. ఎరువు వేసిన వెంటనే మట్టి నమూనా తీయరాదని మీకు తెలిసినదే గదా! అందువలన ఆసుపత్రికి పోక ముందే ఊరిలో ఏదో ఒక మందు వాడుట రెండు విధముల నష్టము. రోగి పరిస్థితి విషమముగ నున్నచో మాత్రము డాక్టర్లు ఫలితము కొరకు ఆగరు. నమూనా తీసి, వెంటనే మందు మొదలుపెట్టి, ఫలితము వచ్చిన పిదప దానికి తగినట్లు మార్చుదురు. మందు మార్చినారని రోగి బంధువులు కంగారుపడ నక్కరలేదు.

మరియొక సంగతి. చీము గూడు కట్టినచోటికి మందు సరిగ చేరదు. ఒకటి రెండు కుట్లు విప్పి చీమును బయటికి తీసినగాని గాయము మానదు. నీరు నిలిచిన మడికి ముందు మురుగు కాలువ తీయవలెను గాని ఎరువు వేసి లాభమేమి? కుట్లు విప్పవలెనని డాక్టరుగారు చెప్పినపుడు భయపడి మాత్రలతోనే నయము చేయుమని కోరరాదు.

కొట్టములోను, చేలోను మన బాధ్యత

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా, అచ్చట బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అను యాంటిబయాటిక్‌ను కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఆ మందును దాణాలో కలిపినచో కోడిపిల్లలు త్వరగ పెరుగునని అదే ప్రయోగశాలవారు 1950లో ప్రకటించిరి. అప్పటినుండి రోగము లేకున్నను దాణాలో మందు కలుపుట దేశదేశముల వ్యాపించినది. దాని ఫలితముగ మందును తట్టుకొను సూక్ష్మజీవులు కోళ్లలోను, పశువులలోను పెరిగి, పెంటద్వారా, నీటిద్వారా, మాంసముద్వారా మనుష్యులకు చేరుటకు దారి ఏర్పడినది.

కొలిస్టిన్ అను మందు, మనుష్యులకు తక్కిన మందులు పనిచేయనపుడు డాక్టర్లు చివరిగ వాడు ఆయుధము. ఆహారము కొరకు పెంచు పశువులకు, కోళ్లకు, చేపలు రొయ్యలకు, వాని దాణాకు దానిని తయారుచేయుట, అమ్ముట భారత ప్రభుత్వము 2019 జులైలో నిషేధించినది. దాణా కొనునపుడు ఏమేమి కలిపిరో చదివి, యాంటిబయాటిక్ కలిపినదానిని కొనకుండుట మన పని. పొదుగువాపునకు మందు వాడినపుడు పశువైద్యుడు చెప్పిన గడువు తీరువరకు ఆ పాలను అమ్మరాదు, ఇంటిలోను వాడరాదు.

పైరులపై చల్లుచు వచ్చిన స్ట్రెప్టోసైక్లిన్ అను పొడి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ అను మందుల మిశ్రమము. ఇవి రెండును మనుష్యుల చికిత్సలో వాడునవే. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొను మెరుగుపరచిన సాంబ మసూరి వంటి రకములను హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు రూపొందించి యున్నారు. అట్టి రకములు వేసి, నత్రజనిని ఒకేసారి గుమ్మరింపక దఫాలుగ వేసి, తెగులు కనబడినపుడు నత్రజనిని ఆపి, ఒక మడి నీరు మరొక మడిలోనికి పారకుండ చూచుకొనుట మేలైన పద్ధతి.

జ్ఞాపకముంచుకొనవలసినవి

ఆపరేషను తరువాత 30 రోజులు గాయమును దినమును గమనింపుడు. లోపల కడ్డీ గాని కీలు గాని అమర్చినచో 90 రోజులు గమనింపుడు.

గాయమును తాకుటకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుడు. పొడులు, పసరులు పెట్టకుడు.

మందును చెప్పినన్ని దినములు వాడుడు. మిగుల్చకుడు, ఇతరులకు ఈయకుడు, చీటీ లేక కొనకుడు.

పప్పు, గ్రుడ్డు, పాలు పెట్టి రోగికి బలము చేకూర్చుడు.

నొప్పి, ఎరుపు పెరిగినచో ఊరిలో మందు మొదలుపెట్టక ఆపరేషను చేసిన ఆసుపత్రికే పోవుడు. చీము పరీక్ష అవసరమా యని అడుగుడు.

ప్రత్తి చేనిలో ఒక మందు పనిచేయనపుడు మరొక మందు వచ్చెడిది, లేదా మరొక పంట వేసికొనెడివారము. ఒక పంట పోయినను మరుసటి ఏడు మిగిలియుండెడిది. మనిషి విషయములో అట్టి అవకాశము లేదు. నేడు పనిచేయుచున్న మందులను విత్తనపు గింజల వలె పొదుపుగ, అవసరమైనచోటనే వాడినచో, రేపు మన బిడ్డలకు ఆపరేషను అవసరమైన నాడు అవి మిగిలియుండును.